స్వతంత్ర విమర్శ నేర్చుట యెట్లు?

(విజయపురి సౌత్‌లో పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



గ్రంథవిమర్శను గూర్చి మాటలాడుమని మీరు నన్ను కోరితిరి. పూర్వపండితులు ఏమనిరో ఏకరువు పెట్టి కూర్చుండుట నాకు సులభమే. దానివలన మీకు కలుగు ప్రయోజనము స్వల్పము. కావున నా పరాభవముతోనే ప్రారంభించెదను.

చదువుకొను దినములలో నేను పల్నాటి వీరచరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాసితిని. నాగమ్మ కుటిలయనియు, బ్రహ్మనాయుడు ధర్మమూర్తియనియు ఎనిమిది పుటలు నింపితిని. సభవారు చప్పట్లు చరచిరి. పిమ్మట ఒక వృద్ధుడు నన్ను చేరబిలిచి, "నాయనా, నాగమ్మ కుటిలయని ఏ ద్విపదలో కనుగొంటివి?" అని అడిగెను. నాకు నోట మాట రాలేదు. నేను చదివినది పీఠికను, కావ్యమును గాదు. ఆ పుటలలో నాదన్నది చేవ్రాత యొక్కటే!

ఈ దోషము నాతో అంతరింపలేదు. నాడు పీఠికలు, గైడు పుస్తకములు ఉండెను. నేడు చేతిలోని ఫోనును అడిగిన చాలును, క్షణములో వ్యాసము సిద్ధము. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరకనే అనలేదు. ఎరువు తెచ్చిన అభిప్రాయమును ఒక్క ప్రశ్న అడిగినవాడు ఊడదీసికొని పోవును.

అయిన, స్వతంత్రమనగా ఏమి? అందరు మెచ్చినదానిని తెగడుట స్వతంత్రము గాదు. అట్టివాడును లోకమునకే బానిస; లోకము కుడికి పోయిన తాను ఎడమకు పోవును, అంతే భేదము. గ్రంథమును స్వయముగా చదివి, తనకు తోచినదానికి గ్రంథమునుండియే సాక్ష్యము చూపగలుగుటయే స్వతంత్రము.

సాక్ష్యమన్న మాటకు అర్థము మన యూరివారికి వేరుగ చెప్పనక్కరలేదు. సాగరు జలములు నిండకమునుపు, 1954 మొదలు 1960 వరకు, పురాతత్త్వ శాఖవారు ఈ లోయను త్రవ్విరి. ఇక్ష్వాకుల విజయపురి బయల్పడినది. త్రవ్వకమున ఒక పూస దొరకిన, అది ఎంత అందమైనదో తరువాతి మాట. ఎచ్చట, ఏ పొరలో దొరకినదో ముందు వ్రాసికొనవలెను. చోటు తెలియని పూస చరిత్రకు సగము చచ్చినట్లే. విమర్శకుడును అట్లే "ఇచ్చట నా మనసు కరగినది, ఇచ్చట విసుగు పుట్టినది" అని పుటతో సహా గుర్తు పెట్టుకొనవలెను. కారణము పిమ్మట వెదకవచ్చును.

రెండవ పని పూర్వపక్షము. మన కొండకు ఏ ఆచార్యుని పేరు నిలిచినదో ఆ నాగార్జునుని విగ్రహవ్యావర్తనిని చూడుడు. డెబ్బది కారికలలో మొదటి ఇరువదియు ప్రతివాది ఆక్షేపణలే. తన సమాధానము ఆ తరువాతనే. ఎదుటివాని వాదమును అతనికంటె బాగుగ చెప్పగలిగిననాడు గాని దానిని కాదనుటకు మనకు అధికారము రాదు.

1911లో పల్నాటి వీరచరిత్రమును ప్రకటించిన అక్కిరాజు ఉమాకాంతముగారు 1928లో "నేటికాలపు కవిత్వము" వెలువరించిరి. భావకవిత్వము నాడు యువకుల హృదయముల నేలుచుండెను. ఆయన దానికి ఎదురు నిలిచి, ఆక్షేపములు తానే యెత్తుకొని, సమాధానములు చెప్పుచు, దోషములను పేరుపేరున విచారించెను. ఆయన తీర్పును లోకము అంగీకరించినదా? లేదు. కృష్ణశాస్త్రిగారిని మనము నేటికిని ప్రేమతో చదువుచున్నాము. ఐనను ఉమాకాంతముగారి గ్రంథము చావలేదు. తీర్పు నిలువకపోయినను విచారణ నిలిచినది. ఆయనను మెచ్చుచునే ఆయనతో విభేదింపగలుగుటకు ఆయన పుస్తకమే మనకు పనిముట్టు లిచ్చుచున్నది. ఇంతకంటె ఒక విమర్శకునికి విజయమేమి కావలెను?

ఇక నాగమ్మ కడకు మరలుదము. యుద్ధము పన్నెండవ శతాబ్ది నాటిది. శ్రీనాథుని పేరిట వెలసిన ద్విపద రెండు శతాబ్దములకు పిమ్మటిది. వీరవిద్యావంతులు కారెంపూడిలో వీరులను పూజించుచు ఈ కథను పాడుదురు. వీరుల కథను వారిని కొలుచువారు పాడునప్పుడు ప్రతిపక్షపు మంత్రిణికి ఏ రంగు అబ్బునో ఊహింపుడు. ఇందువలన నాగమ్మ నిర్దోషి యని నేననను. ఆమె నోట కవి యెన్ని మాటలు పలికించెనో, ఆమెను గూర్చి ఇతరులచేత ఎన్ని పలికించెనో మీరే లెక్కించి చూడుడు. తగవులమారి స్త్రీని నేటికిని "నాయకురాలు నాగమ్మ" అని యెత్తిపొడుచు మనకు ఈ లెక్క చూచు ఋణము కలదు.

సోదరులారా, ఇది పండితుల వినోదము మాత్రమే గాదు. 1947లో దేశము స్వతంత్రమైనది. ఎన్నికల సభలో ఉపన్యాసకుడు చెప్పినదానికి సాక్ష్యమేదని అడుగు అలవాటు ఎచ్చట పుట్టును? కావ్యమును అడిగి నేర్వనివాడు నాయకుని అడుగగలడా?

కావున నాదొక మనవి. కార్తికమున కారెంపూడి ఉత్సవము వచ్చును. ఆలోపల మీలో ప్రతివారును మూలమును రెండు మారులు చదువుడు. మొదటి మారు కలము ముట్టకుడు. రెండవ మారు గుర్తులు పెట్టుకొని, మీకు తోచినది రెండు పుటలలో వ్రాయుడు. పీఠికలను, ఇతరుల విమర్శలను అటుపిమ్మటనే తెరువుడు. మీ మాటలు తడబడినను సరియే. ఏ ద్విపదలో చూచితివని అడిగిననాడు పుట తిప్పి చూపగలిగిన చాలును. నేను ఆనాడు చూపలేకపోతిని.