మూడు పుస్తకముల ఊరు



ఆకలి లేని ఊరు, కలహము లేని ఊరు ఒకటి కలదు. ప్రతి యింటను మూడే పుస్తకములు: నిఘంటువొకటి, ఆ ఊరి వివరములు తెలుపునది యొకటి, నియమావళి యొకటి. నాలుగవ పుస్తకముండదు.

ఇది అమెరికా రచయిత్రి లోయిస్ లౌరీ ప్రాయమునకు వచ్చుచున్న బాలబాలికల కొరకు 1993లో వ్రాసిన 'ది గివర్' నవలలోని ఊరు. 1994లో ఈ నవలకు అమెరికా గ్రంథాలయ సంఘమువారి న్యూబరీ పతకము లభించినది. సుఖము పేర మనుష్యుని బంధించు సమాజమును చూపి హెచ్చరించు నవలలు పెద్దలకు పూర్వమే యున్నవి. జార్జి ఆర్వెల్ రచించిన '1984' నవల 1949 నాటిది. బాలురకు అట్టి కథ చెప్పుట మరింత కష్టము.

ఆ ఊరిలో పండ్రెండేండ్ల ప్రాయమున ఎవరి వృత్తి యేదో పెద్దలే నిర్ణయింతురు. భార్యాభర్తలను, బిడ్డలను గూడ వారే కూర్తురు. కంటికి రంగులు కనబడవు. యుద్ధము, ఆకలి, మంచు, ప్రేమ మొదలగు గతకాలపు జ్ఞాపకములన్నిటిని అందరి తరఫున ఒక్క వృద్ధుడు మోయుచుండును. వేలకొలది గ్రంథములుండునది అతని గదిలోనే. జోనస్ అను బాలుడు అతని వారసుడగును. ఊరిలో వృద్ధులకును, బలహీన శిశువులకును "విడుదల" కలిగింతురు. అది సూదిమందుతో చంపుటయే యని బాలుడు కనుగొనును. చంపినవాడు అతని తండ్రి! ఆ తండ్రి క్రూరుడు కాడు. మరణమనగా నేమో యెరుగని వాడు. కథలో మిక్కిలి భయంకరమైనది ఇదియే. తరువాతి వంతు గేబ్రియల్ అను పసివానిదని తెలిసి, జోనస్ వానిని సైకిలుపై కూర్చుండబెట్టుకొని రాత్రివేళ ఊరు విడుచును.

గ్రంథమున క్రీస్తు పేరు ఎచ్చటను లేదు. అయినను, కరవుకాలమున పేదలకు పనియు కూడును కల్పించుచు కట్టింపబడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయమును చూచినవారు ఆ ఛాయను ఇట్టే గుర్తింతురు. అందరి బాధను ఒక్కడు మోయుట, యోనా గబ్రియేలుల పేర్లు, చివర మంచుకొండ క్రింద దీపములు, పాట. శిబి చక్రవర్తి తలపునకు వచ్చినను తప్పులేదు. రచయిత్రి బోధింపక విడిచినందుననే కథ నిలిచినది.

1956 వరకు బీదరు జిల్లాలో నుండిన నారాయణఖేడువారికి ఇది దూరపు కథ కాదు. నిజాము పాలనలో సభ జరుపుటకు గస్తీ నిషాన్ 53 ప్రకారము ముందుగా అనుమతి పొందవలెను. ఆ రోజులలోనే, 1930లో, జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమ ఆంధ్ర మహాసభ జరిగినది.

శిశువు మరణము వర్ణింపబడినదని ఈ నవలను పాఠశాలలనుండి తొలగింపవలెనని అమెరికాలో పలువురు తలిదండ్రులు కోరిరి. వారి భయము అర్థము కానిది కాదు. కాని బాలునికి తెలియకూడనిదేదో నిర్ణయించు పెద్దల ఊరే గదా ఆ కథలోనిది!

జోనస్ దూరమైనకొలది అతడు మోసిన జ్ఞాపకములు ఊరివారికి తిరిగి చేరును. వృద్ధుడు మాత్రము బాలునితో వెళ్లడు. ఆ బరువును మోయలేక ఊరివారు తల్లడిల్లునపుడు తోడుండుటకై తన గ్రంథముల నడుమనే నిలిచిపోవును.