పాలిపోయిన పిల్లలు – కంటికి కనిపించని సీసం



పిల్లవాడు కాస్త పాలిపోయి కనిపిస్తే మనం ఏమంటాం? "తిండి సరిగా తినడు, ఒంట్లో రక్తం లేదు" అంటాం. డాక్టరుగారు ఇనుముండే టానిక్కు రాస్తారు. చాలామంది పిల్లలు దానితోనే తేరుకుంటారు. మరి నెలల తరబడి పట్టించినా ముఖంలో కళ రాకపోతే? అప్పుడు అనుమానించవలసిన వాటిలో సీసం ఒకటి. సీసమంటే గాజుసీసా కాదండోయ్, బ్యాటరీల్లో వాడే బరువైన లోహం.

మన నెత్తురుకు ఎరుపునిచ్చేది హిమోగ్లోబిన్. ఎముకల మూలుగలో ఎర్రకణాలు పుట్టేటప్పుడే అది తయారవుతుంది. దాన్నొక వంట అనుకోండి. సరుకులుంటే చాలదు, వండే చేతులు కావాలి కదా! ఆ చేతులే ఎంజైములు. సీసం వాటిలో రెండింటిని కట్టిపడేస్తుంది. ఒకటి మొదట్లో సరుకులు కలిపేది, రెండోది చివర ఇనుమును చేర్చేది. ఇక ఇనుము గుమ్మం దాకా వచ్చినా లోపలికి పోలేదు. దాని పీటమీద జింకు వచ్చి కూర్చుంటుంది. జింకు ప్రాణవాయువును మోయలేదు.

అంతటితో అయిపోలేదు. ఎర్రకణం మామూలుగా 120 రోజులు బతుకుతుంది. సీసం చేరితే దాని పైపొర పెళుసై, గడువుకు ముందే చితికిపోతుంది. అంటే రాబడి తక్కువ, ఖర్చు ఎక్కువ. అలాంటి సంసారం ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పాలా?

ఇంకో మాట. నెత్తురు తగ్గేదాకా సీసం ఊరుకోదు. అంతకంటే తక్కువ మోతాదులోనే పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫరవాలేదు అనదగ్గ మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మన దేశంలో పెట్రోలులో సీసం కలపడం 2000లో ఆగింది. ఇంటి రంగుల్లో పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నియమం 2017లో అమలుకు వచ్చింది. అయినా పాత గోడల పెచ్చుల్లో, కొన్ని రకాల సుర్మాలో, సిందూరంలో, తగరానికి బదులు సీసం కలిపిన కళాయిలో అది దాగి ఉండవచ్చు. పచ్చగా మెరవాలని పసుపుకు లెడ్ క్రోమేట్ పూసేవారూ ఉన్నారు. బంగ్లాదేశ్‌లో 2019లో ఈ కల్తీపై గట్టిగా దాడులు చేస్తే, 2021 నాటికి బజారు నమూనాల్లో అది కనబడలేదు. పట్టుబడితే పోయే పీడే ఇది!

మనం చేయగలిగినవి చెబుతాను. మరీ నిగనిగలాడే పసుపు కొమ్ములకు మోజుపడకండి. పెచ్చులూడే గోడల దగ్గర చీపురుతో దుమ్ము లేపక తడిగుడ్డతో తుడవండి. బ్యాటరీల పని చేసి వచ్చేవారి బట్టలు విడిగా ఉతకండి. పిల్లలచేత అన్నానికి ముందు చేతులు కడిగించండి. ఖాళీకడుపున సీసం ఎక్కువ ఒంటబడుతుంది; ఇనుము, కాల్షియం తక్కువైనా అంతే. కాబట్టి తోటకూర పప్పు, రాగిజావ, పాలు, పైన నిమ్మరసం మానిపించకండి.

అనుమానముంటే రక్తంలో సీసం పరీక్ష గురించి డాక్టరుగారిని అడగండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు దాటితే, అది ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలి. సొంత వైద్యం మాత్రం వద్దు.

బిడ్డకు టానిక్కు పట్టించే ముందు ఒక్కసారి ఇల్లంతా కలయజూడండి. సెలవు.