కంప్యూటరు విద్యయు, కాంటూరు రేఖయు
(ఏలూరు పఠనమందిరమున చేసిన ప్రసంగము)



గతమాసమున కైకలూరు ప్రాంతపు రైతొకరు చేపలచెరువు విక్రయ దస్తావేజు విషయమై మాయొద్దకు వచ్చిరి. కారణమడిగితిమి. “లాయరుగారూ, అబ్బాయికి కంప్యూటరు సీటు మాట్లాడామండి. మా వీధిలో అందరూ అదే చదివిస్తున్నారు. ఇప్పుడేమో ఆ పని కూడా మిషనే చేసేస్తోందంటున్నారు. అమ్మమంటారా, ఆగమంటారా?” అనిరి. ఆ క్షణమున మాకు ప్రత్యుత్తరము తోచలేదు. నేటి మా ప్రసంగమంతయు ఆ ప్రశ్నకు బాకీ తీర్చుటయే.

ప్రోగ్రామింగు వృత్తి మన ప్రాంతమునకు చేసిన మేలు స్వల్పము గాదు. 1998లో హైదరాబాదున సైబర్ టవర్సు వెలసిన పిమ్మట అమీరుపేట శిక్షణాలయములలో కొలదిమాసములు కూర్చుండి సముద్రము దాటిన యువకులు మన గ్రామములం దనేకులు కలరు. 2015లో తాడేపల్లిగూడెమునకు జాతీయ సాంకేతిక విద్యాసంస్థయే వచ్చినది. ఈ చదువును కూలిచదువని పరిహసించు పెద్దలతో మేమేకీభవింపము. ఆ కూలితోనే అనేక కుటుంబముల అప్పులు తీరినవి.

అయినను కాలము మారినది. 2022 నవంబరులో చాట్ జీపీటీ లోకమునకు వచ్చెను. కోరినదానిని మామూలు మాటలలో చెప్పిన చాలును, ప్రోగ్రామును వ్రాసి చేతికిచ్చుచున్నది. తమ సంస్థలో క్రొత్తగా పుట్టు కోడులో నాల్గవవంతునకు పైగా యంత్రమే వ్రాయుచున్నదనియు, ఇంజనీర్లు దానిని పరిశీలించి అంగీకరించుచున్నారనియు గూగుల్ అధిపతి సుందర్ పిచ్చై 2024 అక్టోబరులో ప్రకటించిరి. 2025 జూలైలో టీసీఎస్ సంస్థ నూటికిద్దరి చొప్పున, సుమారు 12,000 మందిని తొలగింతుమనెను. కృత్రిమ మేధయే కారణమని ఆ సంస్థ చెప్పలేదు గాని, వినిన తలిదండ్రులకు గుండె జారినది.

ఇందుకు వేరొక ముఖమును కలదు. 2025లోనే మీటర్ అను అమెరికా పరిశోధనసంస్థ అనుభవశాలురైన 16 మంది ప్రోగ్రామర్లను పరీక్షించెను. యంత్రసహాయముతో పని నూటికి 20 వంతులు త్వరగా ముగిసినదని వారు తలచిరి. గడియారము చూడగా 19 వంతులు ఎక్కువ కాలము పట్టినది! నేర్పరులే ఇట్లు భ్రమపడినపుడు నేర్చుకొనుచున్న బాలుని మాట చెప్పవలెనా? పరీక్షింపబడినవారు కొలదిమందియే, యంత్రములా దినదినము మారుచున్నవి. కావున దీనినే వేదవాక్యముగా మేము గైకొనము.

కొల్లేటి కథ మీకు క్రొత్త గాదు. పొరుగువానికి లాభము వచ్చినదని ప్రతివాడును చెరువు త్రవ్వెను. 1999లో ఐదవ కాంటూరు వరకు గల సరస్సును ప్రభుత్వము అభయారణ్యముగా ప్రకటించినది. 2006లో ఆ రేఖ లోపలి చెరువుల గట్లు తెగగొట్టబడినవి. రేఖకు వెలుపల చేపల పెంపకము నేటికిని సాగుచునే యున్నది. చెరువు త్రవ్వుటలో దోషము లేదు. ఎచ్చట త్రవ్వుచున్నామో విచారింపమియే దోషము. ఈ వృత్తికిని అట్టి రేఖ యొకటి కలదని మా తలంపు. ఒకరు చెప్పినదానిని చెప్పినట్లు కోడుగా మార్చుట రేఖకు లోపలి పని. అక్కడికి నీరు వచ్చుచున్నది.

మరి వెలుపలి పని యేది? మా వృత్తినుండి యొక దృష్టాంతము చెప్పెదము. 1998లో మన రాష్ట్రపు రిజిస్ట్రేషను కార్యాలయములలో ‘కార్డ్’ అను కంప్యూటరు పద్ధతి ప్రవేశించినపుడు దస్తావేజు లేఖరుల పని సరి యనిరి. పుస్తకములలో చేతితో నకళ్లు వ్రాయుట నిజముగనే పోయినది. లేఖరులు మాత్రము పోలేదు. చెట్టుక్రింద బల్ల వేసుకొని నేటికిని కూర్చుండియున్నారు. ఏలయన, పార్టీకి కావలసినది దస్తూరి గాదు. సరిహద్దులో తూర్పున నున్న కాలువ ఎవరిదో, పొత్తు ఆస్తిలో సంతకము చేయవలసిన ఆడపడుచు ఎవరో అడుగగల మనిషి కావలెను. రేపు వ్యాజ్యము వచ్చినచో ‘నేను వ్రాసితి’నని నిలువగలవాడు కావలెను.

చేపలచెరువునే చూడుడు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గును. మబ్బు పట్టిన దినముల పిమ్మట మరింత తగ్గును. దానిని కొలిచి రైతును ఫోనులో మేల్కొలుపు ప్రోగ్రామును యంత్రము నిమిషములో వ్రాసియిచ్చును. అయితే ఏరియేటరునకును, గంటకును ఒకే కరెంటు తీగ యైనచో, కరెంటు పోయిన రాత్రి రెండును ఒక్కమారే మూగవోవును. ఈ సంగతి గట్టుమీద నిద్రించినవానికి తెలియును. గట్టును, కోడును రెండును ఎరిగిన యువకునికి పనిలేకుండ పోవుట మేమూహింపలేము.

మమ్ము కలవరపరచు ప్రశ్న వేరొకటి కలదు. మా జూనియరులు సీనియరు చెప్పిన దావా అర్జీలకు చిత్తుప్రతులు వ్రాసి వ్రాసియే న్యాయవాదులైరి. మేమును అట్లే నేర్చుకొంటిమి. కొట్టివేతల ఎఱ్ఱసిరాయే మా గురువు. క్రొత్తవాని చిత్తుప్రతులన్నియు యంత్రమే వ్రాసినచో, పదియేండ్లకు దానిని దిద్దగల పెద్ద ఎచ్చటినుండి పుట్టును? కంపెనీలు నేటి లెక్కలు చూచుకొనుచున్నవి. ఈ లెక్క ఎవరును చూచుట లేదు. కళాశాలలైన చూడవలెను. మొదటి యేడు విద్యార్థి యంత్రమును ముట్టక తన చేతితో వ్రాసి, తన తప్పు తానే వెదకుకొనవలెనని మా అభిప్రాయము. ఇది చాదస్తమని నవ్వువారు నవ్వుదురు గాక.

రైతుగారికి తుద కిట్లు చెప్పితిమి. అబ్బాయికి లెక్కలయందు మక్కువ యున్నచో, కంప్యూటరు విద్య నేడును మంచిదే. తన ర్యాంకునకు వచ్చిన సీటులో చేరవలెను; వీధిని చూచి, చెరువమ్మి సీటు కొనవలదు. సెలవులలో తండ్రితో గట్టుమీద పండుకొనవలెను. ఆయన తలయూచి వెడలిరి. కౌన్సెలింగు దినములు సమీపించినవి. ఇంకను నిశ్చయించుకొనలేదట, బేరగాడు మాత్రము రెండవమారు వచ్చి చెరువు చూచిపోయినాడని వింటిమి.