దంతెవాడలో తిరిగి గెలవని శాసనసభ్యులు

(బైలదిల్లా గని కార్మికుల విద్యా తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



శాసనసభ ఎన్నికలు 2028లో కదా, ఇప్పటినుండే దంతెవాడ స్థానమును గురించి ఉపన్యాసమెందుకని కొందరు మిత్రులు మమ్ములను అడిగినారు. ఎన్నికల నెలలో మాట్లాడినచో ఆ మాట ఏదైనను ఒక అభ్యర్థి ప్రచారముగానే వినబడును. జీపులమీద మైకులు తిరుగుచున్నప్పుడు పాత లెక్కలు చూచే తీరిక ఎవరికీ ఉండదు. పదవిలో ఉన్న ప్రతినిధి మళ్ళీ ఓటడుగ వచ్చినప్పుడు ఆయనను ఏ కొలతతో కొలవవలెనో, గోడలమీద ఎవరి పోస్టరూ లేని ఈ రోజులలోనే ఆలోచించుకొనుట మంచిది.

ముందుగా ఆ పాత లెక్క చూతము. దంతెవాడలో పదవిలో ఉన్న శాసనసభ్యుడు తిరిగి నిలబడి గెలిచినది చివరిసారిగా 2003లో. ఆనాడు గెలిచిన మహేంద్ర కర్మ 2008లో ఓడిపోయినారు. ఆయన స్థానమును గెలుచుకొన్న బిజెపి అభ్యర్థి భీమా మండావి 2013లో ఓడిపోయినారు. ఆయనను ఓడించిన కాంగ్రెసు అభ్యర్థి దేవతీ కర్మ 2018లో అదే మండావి చేతిలో సుమారు రెండు వేల ఓట్ల తేడాతో ఓడిపోయినారు. 2023 వచ్చుసరికి కాంగ్రెసు పార్టీ తన సిట్టింగ్ సభ్యురాలిని నిలబెట్టుటకే సాహసించక, ఆమె కుమారుడు ఛవీంద్ర కర్మకు టిక్కెట్టు ఇచ్చినది. ఆయన కూడ బిజెపి అభ్యర్థి చైత్‌రామ్ అటామి చేతిలో ఓడినారు. బస్తర్ మొత్తము మీద చూచినను ఇదే ఊగిసలాట. పన్నెండు స్థానములలో 2008లో పదకొండు బిజెపికి, 2018లో పదకొండు కాంగ్రెసుకు, 2023లో మళ్ళీ ఎనిమిది బిజెపికి దక్కినవి.

అమెరికా సెనేటు ఎన్నికల వార్తలు పత్రికలలో చదివేవారికి ఇది వింతగా తోచును. అక్కడ పదవిలో ఉన్న సెనేటరు మళ్ళీ నిలబడినచో గెలుచుటయే రివాజు. ఓడినప్పుడే అది పెద్ద వార్త. ధనము, పేరు, పదవి మూడూ ఆయన వైపే ఉండును. మన ప్రతినిధికి కూడ ఆ మూడూ ఉన్నవి. అయినను ప్రజలు ఆయనను దింపుచున్నారు. దీనిని చూచి ప్రజాస్వామ్యము బస్తర్‌లో అమెరికా కంటె బలముగా ఉన్నదని సంతోషింపవచ్చునా? అంత తొందర వద్దని మా అభిప్రాయము.

2008 ఎన్నికను కొంచెము నిలిచి చూడవలసి ఉన్నది. మహేంద్ర కర్మ సామాన్యుడైన అభ్యర్థి కాడు. 1980లో సిపిఐ పక్షాన శాసనసభకు వెళ్ళినారు. అది 1978 ఏప్రిల్ 5న కిరందూల్‌లో మన కార్మికులమీద పోలీసులు కాల్పులు జరిపిన రెండేళ్ళకు వచ్చిన ఎన్నిక. చేతిపనితో ముడి ఇనుము తవ్వే కాంట్రాక్టు కూలీలను యంత్రములు వచ్చినవని ఇంటికి పొమ్మన్నందుకు మొదలైన పోరాటమది. ఆ గాయము ఎవరింటిలో ఎంత కాలము ఆరలేదో మీలో పెద్దవారికి మేము చెప్పనక్కరలేదు. తరువాత కర్మ పార్టీ మారినారు. 1996లో స్వతంత్రునిగా బస్తర్ లోక్‌సభ స్థానమును గెలిచినారు. ఆపైన కాంగ్రెసులో మంత్రి అయినారు, కొత్త రాష్ట్రములో పరిశ్రమల శాఖ చూచినారు, 2003 తరువాత ప్రతిపక్ష నాయకుడైనారు. 2005 జూన్‌లో మొదలైన సల్వా జుడుంకు ఆయనే ముఖ్య నాయకుడు.

ఇక్కడొక విచిత్రము గమనింపవలెను. జుడుంకు ఆయుధములు, జీతములు, శిబిరములు సమకూర్చినది రమణ్ సింగ్ గారి బిజెపి ప్రభుత్వము. దానికి సభలలో ముందు నిలిచినది ప్రతిపక్ష నాయకుడు. అధికార పక్షమును నిలదీయవలసిన మనిషి ఆ పక్షముతో ఒకే వేదిక ఎక్కినాడు. 2008 నవంబరు 14న ఓటరు పెట్టె దగ్గరకు వచ్చునప్పటికి ఈ ఇద్దరి మధ్య జుడుం విషయములో ఎంచుకొనుటకు ఏమియు మిగులలేదు. దానిని బాహాటముగా వ్యతిరేకించిన సిపిఐ అభ్యర్థి మనీశ్ కుంజాం రెండవ స్థానములో నిలిచినారు. కర్మ మూడవ స్థానమునకు పడిపోయినారు. మండావి సుమారు 12 వేల ఓట్ల ఆధిక్యముతో గెలిచినారు.

కర్మ ఓటమి జుడుంపై ప్రజల తీర్పని ఆనాడు చాలమంది వ్రాసినారు. అది సగము నిజము. జుడుంను నడిపిన ప్రభుత్వపు పార్టీయే ఆ స్థానమును గెలిచినది కదా! కిలో మూడు రూపాయల బియ్యము పథకము పేరు ఆ ప్రభుత్వమునకు దక్కినది. జుడుం పాపము మాత్రము ఎక్కువ భాగము కర్మ ఖాతాలో పడినది. ప్రత్యేక పోలీసు అధికారులను నియమించి ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చుట రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పునప్పటికి మూడేళ్ళు గడిచినవి. ఇక ఓటరు చెప్పిన తీర్పులో మిగిలిన సగము ఎక్కడున్నది? అది ఓటు వేయలేకపోయిన వారి దగ్గర ఉన్నది.

మాటను జాగ్రత్తగా చెప్పుచున్నాము. జుడుం కాలములో నాటి దంతెవాడ జిల్లాలో, అనగా నేటి సుక్మా, బీజాపూర్‌లతో కలిపి, 644 గ్రామములు దాని ప్రభావమునకు లోనైనట్లు అధికారుల లెక్క. కొందరు దోర్నపాల్, ఎర్రబోరు వంటి శిబిరములకు తరలింపబడినారు. కొందరు అడవి లోపలికి పోయినారు. మరికొందరు శబరి, గోదావరి దాటి ఖమ్మం జిల్లా అడవులలోనికి వచ్చి గుడిసెలు వేసుకొన్నారు. మన తెలుగువారు వారిని గొత్తికోయలని పిలుచుచున్నారు. పోడు కొట్టినారని అటవీశాఖ వారి గుడిసెలు పీకివేయుటయు, వారు మరొకచోట వేసుకొనుటయు ఏళ్ళ తరబడి జరిగినది. 2008లో ఈ మనుషుల పేర్లు ఉన్న ఊరిలో మనిషి లేడు; మనిషి ఉన్న ఊరిలో పేరు లేదు.

ఇప్పుడు మన సంగతి చూచుకొందము. ఈ కొండమీద పనిచేయుచున్న మనలో ఎంతమంది శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ జిల్లాలనుండి కొత్తవలస – కిరందూల్ రైలుమార్గము వెంట వచ్చినవారము! దంతెవాడ షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకింపబడిన స్థానము. మనము నిలబడలేము, ఓటు వేయగలము. బూత్ మన కాలనీ బడిలోనే ఉండును. షిఫ్టు దిగి నడిచి పోవచ్చును. శ్రీకాకుళము బిడ్డ దంతెవాడలో ఓటు వేసినాడు. బస్తర్ ఆదివాసీ పాల్వంచ అడవిలో ఎవరికీ ఓటు వేయలేకపోయినాడు. ఇందులో మన తప్పేమియు లేదు. కాని అతడు వేయని ఓటు వలన మన ఓటు బరువు పెరిగినదన్న సంగతి మనకు తెలిసి ఉండవలెను.

ఊళ్ళోనే ఉన్నవారి కష్టము వేరు. భద్రత పేరిట ఎన్నో గ్రామముల పోలింగ్ కేంద్రములను రోడ్డు పక్కకు, పోలీసు క్యాంపుల దగ్గరకు మార్చినారు. ఏరు దాటి, కొండ దిగి, మైళ్ళు నడిచి ఓటు వేసి వచ్చినవాని వేలిమీద సిరా చుక్క ఉండును. బహిష్కరణకు పిలుపిచ్చిన మావోయిస్టులు ఆ చుక్కను చూచెదరన్న భయముతో, సిరా పెట్టవద్దని బూత్‌లో బ్రతిమాలినవారు ఉన్నారు. రాష్ట్రమంతట 76 శాతము పోలింగ్ జరిగిన 2018, 2023 ఎన్నికలలో బీజాపూర్‌లో అది సగమునకు అటూ ఇటూగానే నిలిచినది. ఇటువంటి చోట సిట్టింగ్ సభ్యుని గెలుపోటములను ప్రజల తీర్పని నిండు గొంతుతో చెప్పుట కష్టము.

కోంటా సంగతి అడుగువారుందురు. అక్కడ కవాసీ లఖ్మా 1998 నుండి 2023 వరకు వరుసగా ఆరుసార్లు గెలిచినారు. అదే అడవి, అదే భయము, అవే శిబిరములు. బస్తర్‌లో కాంగ్రెసు అన్ని చోట్ల తుడిచిపెట్టుకొనిపోయిన 2008లో కూడ ఆయనొక్కరే నిలిచినారు, అదియు రెండు వందల లోపు ఓట్ల తేడాతో. 2023లో ఆ తేడా రెండు వేల లోపు. సిపిఐ గుర్తు దక్కక స్వతంత్రునిగా నిలిచిన మనీశ్ కుంజాం ఆ ఎన్నికలో బలముగా పోటీ ఇచ్చినారు. బడికి పోని మనిషి, గోండి మాట్లాడే మనిషి, ఊరూరా తిరిగే మనిషి అని లఖ్మాకు పేరున్నది; దానిని మేము తక్కువ చేయము. కాని ప్రతిపక్షపు ఓటు ఎన్నికకు ఎన్నికకు రెండుగా చీలుట కూడ ఆయనను కాపాడినది. 2018 తరువాత ఆయన ఎక్సైజు మంత్రిగా ఉన్నారు. ఆ కాలపు మద్యము వ్యాపార కేసులో 2025 జనవరిలో ఈడీ ఆయనను అరెస్టు చేసినది. ఆరోపణలను ఆయన త్రోసిపుచ్చినారు. ఆ విచారణ కోర్టుల పని.

దంతెవాడలో మరొక దారుణము ఉన్నది. ఓడిన కర్మను 2013 మే 25న ఝీరం లోయలో మావోయిస్టులు చంపినారు. ఆ ఏడాదే ఆయన భార్య దేవతీ కర్మ గెలిచినారు. మండావిని 2019 ఏప్రిల్ 9న, లోక్‌సభ ప్రచారములో ఉండగా, మందుపాతరతో చంపినారు. సెప్టెంబరులో జరిగిన ఉపఎన్నికలో ఆయన భార్య ఓజస్వి మండావిపై దేవతీ కర్మ 11 వేల పైచిలుకు ఆధిక్యముతో గెలిచినారు. ఇద్దరు వితంతువులు ఎదురెదురుగా నిలబడిన ఎన్నిక అది. జుడుంను మేము ఎన్నడూ సమర్థింపలేదు. అయినను ఓటుతో దింపిన మనిషిని ఓటుతోనే మళ్ళీ లేపనో, లేపకుండనో ఉండే హక్కు ప్రజలది. హంతకులు దానిని ప్రజల చేతినుండి లాగుకొన్నారు. ఆ తరువాతి ఎన్నికలలో ఎవరు ఏమి చేసినారన్న ప్రశ్న వెనుకబడి, ఎవరింట శవము లేచినదన్న ప్రశ్న ముందుకు వచ్చినది.

2019 జూన్‌లో ఏమి జరిగినదో మీరు కన్నులారా చూచినారు. పదమూడవ నిక్షేపము తవ్వకపు పని అదానీ సంస్థకు అప్పగించినందుకు వేలమంది ఆదివాసీలు కిరందూల్‌లో మన గేటుముందు రాత్రింబవళ్ళు కూర్చున్నారు. నందరాజ్ కొండ తమ దేవుని కొండ అన్నారు. 2014లో హిరోలి గ్రామసభ అనుమతి ఇచ్చినట్లున్న కాగితము బూటకమన్నారు. ప్రభుత్వము పని ఆపి విచారణకు ఆదేశించినది. ఆ కాగితము పుట్టిన నాడు ఇక్కడి శాసనసభ్యులు ఎవరు, గ్రామసభకు వెళ్ళినారా, ఎప్పుడు నోరు విప్పినారు అని మూడు నెలల తరువాత వచ్చిన ఉపఎన్నికలో గట్టిగా అడుగవలసి ఉండినది. నగర్నార్ ఉక్కు కర్మాగారపు సంగతియు అంతే. 2023 అక్టోబరులో, ఓట్ల ముందు, దానిని ప్రైవేటుకు ఇవ్వమని ఢిల్లీ పెద్దలే సభలలో చెప్పినారు. 2021 జనవరిలో విశాఖ ఉక్కు గురించి జరిగిన నిర్ణయము తెలిసిన మనకు ఇటువంటి మాటలను తేదీతో సహా వ్రాసి పెట్టుకొనుట అలవాటు కావలెను.

ఇప్పుడు పరిస్థితి మారుచున్నది. మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి బసవరాజు 2025 మే 21న అబూజ్‌మాడ్‌లో చంపబడినాడు. ఆ ఏడాదిలో వందలమంది లొంగిపోయినారు. 2028 ఎన్నిక బహిష్కరణ పిలుపు నీడ లేకుండ జరుగు మొదటి ఎన్నిక కావచ్చును. అట్లయినచో రోడ్డు పక్కకు తరలించిన బూత్‌లు ఊళ్ళకు తిరిగి పోవలెను. భద్రత అను సాకు ఇక చెల్లదు. 2023లోనే వందకు పైగా గ్రామములలో కొత్త కేంద్రములు పెట్టినారు. పని సాధ్యమేనని దానివలన తెలిసినది. మరొకవైపు 2025 నవంబరు 4 నుండి ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ జరిగినది. పుట్టిన ఊరినుండి తరుమబడి ఇరవై ఏళ్ళుగా పొరుగు రాష్ట్రములో ఉన్నవాడు పాత జాబితాలో తన తండ్రి పేరు ఎట్లు చూపగలడు?

కావున ప్రతి విభాగము నుండి ఇద్దరేసి పేర్లు ఈ సాయంత్రములోగా ఇవ్వవలసినదిగా కోరుచున్నాము. మొదటి పని: మన చుట్టుపక్కల ఏ గ్రామపు బూత్ ఏ గ్రామములో ఉన్నదో, నడక ఎంతో పట్టిక వ్రాయుట. రెండవది: కొత్త జాబితాలో పేర్లు పోయిన ఇండ్లను ఊరివారితో కలిసి గుర్తించి దరఖాస్తులు వ్రాసి ఇచ్చుట. హిందీ వ్రాయగలవారు, గోండి లేదా హల్బీ మాట్లాడగలవారు తప్పక ముందుకు రావలెను. భద్రాచలము, కొత్తగూడెము వైపు బంధువులున్నవారు అక్కడి మన సింగరేణి సోదరులతో మాట్లాడి పెట్టవలెను. ఆ గుడిసెలకు దారి వారికి తెలియును. రెండవ షిఫ్టు వారి బస్సు వచ్చు వేళ అయినది. ప్రశ్నలున్నవారు ఉండండి, మిగిలినవారు పేర్లు వ్రాయించి వెళ్ళండి.