పాముకాటుకు మందు ఒక్క ఆసుపత్రిలోనే లేదు

(మామిడి రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



సాగర్ ఎడమ కాలువ చివరి భూములున్నవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. నీళ్లు వదిలామని పైన రికార్డు ఉంటుంది, కింద చేను ఎండుతుంటుంది. అప్పుడు మనం మన తూము ఒక్కటే చూసి ఊరుకోం, కాలువ పొడుగునా నడిచి చూస్తాం. వైద్యాన్ని కూడా అలాగే చూడాలి. ఈ పూటకు పాముకాటు ఒక్కటే తీసుకుందాం.

2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. అంటే ఏడాదికి 58 వేలు. అందులో ఎక్కువమంది పల్లెజనమే. మరణాలు ఎక్కువున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి.

కోతల రోజుల్లో తోటకు రాత్రి కాపలా కాసే కూలీ ఎక్కడ పడుకుంటాడు? చెట్టు కింద, పట్టా పరుచుకుని. కట్లపాము తిరిగేది రాత్రిపూటే. కరిచినా నొప్పి తెలియకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం. కడుపునొప్పే కదా అని సోడా తాగించి కూర్చోబెడితే ఊపిరి ఆగిపోతుంది. మంచం, దోమతెర ఉంటే ఈ కాటు చాలావరకు తప్పుతుంది. కాబట్టి మొదటి మందు తోట గుత్త మాట్లాడుకునే దగ్గరే ఉంది. కాపు కొన్న వ్యాపారిగానీ, తోట గలాయన గానీ మంచం, తెర, టార్చిలైటు ఇవ్వాలి. మనలో తోటలున్నవాళ్లం ఉన్నాం, ఈ మాట మనక్కూడా.

కరిచాక గట్టిగా కట్టు కట్టొద్దు, గాటు పెట్టొద్దు, పసరు కోసం తిరగొద్దు. తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ విరుగుడు ఒకటే, పామును చంపి తేనక్కర్లేదు. మొదటి మోతాదు పెద్దలకైనా పిల్లలకైనా సుమారు 10 సీసాలు. ఆరోగ్య కేంద్రంలో రెండే ఉంటే రికార్డుకు స్టాకు ఉన్నట్టు, ప్రాణానికి లేనట్టు. మందు ఒంటికి పడకపోతే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ ఉండాలి. రాత్రిపూట ఇవన్నీ చేసే మనిషి ఉండాలి.

ఊపిరి అందకపోతే వెంటిలేటరున్న పెద్దాసుపత్రికి పంపాలి. ఇక్కడో చిక్కుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ఏలూరు జిల్లాకు వెళ్లాయి. రెడ్డిగూడెం, విస్సన్నపేట ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. ఏ ఊరివాళ్లను ఏలూరు పంపాలో, ఏ ఊరివాళ్లను విజయవాడ పంపాలో జిల్లా గీతను బట్టి కాకుండా దూరాన్ని బట్టి ముందే తేల్చి గోడకు అంటించాలి.

పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో ప్రణాళిక ప్రకటించింది. ప్రతి కేసునూ తప్పక నమోదు చేయమని అదే ఏడాది నవంబరులో రాష్ట్రాలకు రాసింది. మంచిదే. దానితోపాటు ప్రతి మరణానికీ గంటల లెక్క తీయాలని మనం అడుగుతున్నాం. ఎప్పుడు కరిచింది, ఎప్పుడు బండెక్కారు, విరుగుడు ఎప్పుడు పడింది? ఎవరో ఒక డాక్టరును నిలదీయడం కోసం అడగడం లేదు. గండి ఎక్కడ పడిందో తెలియాలి.

మార్చిలో, కోతలు మొదలవకముందే, మండల శాఖలు తమ ఆరోగ్య కేంద్రాలకు వెళ్లి మూడు సంగతులు రాసుకు రావాలి. సీసాలు ఎన్ని ఉన్నాయి, వాటి గడువు ఎప్పటిదాకా, రాత్రి డ్యూటీ ఎవరిది.