పందెపు టాడుగుఱ్ఱములు – ఎదనింద



మన ఓరుగల్లు నేలిన కాకతీయుల కాలమున మేలిజాతి గుఱ్ఱములు అరబ్బు, పారసీక దేశములనుండి ఓడలపై వచ్చుచుండెడివి. 13వ శతాబ్దాంతమున దక్షిణదేశమును జూచిన మార్కోపోలో, తమిళతీరమున మేటి ఆడుగుఱ్ఱమునకు మేటి పోతువలన గలిగిన పిల్లయు వంకరకాళ్లతో పనికిమాలినదగునని వ్రాసెను. అశ్వముల విషయమున చెడుగు కలిగినప్పుడు నింద నేలమీదనో తల్లిమీదనో పడుట క్రొత్తగాదు.

నేడు హైదరాబాదు మలక్‌పేటలో పందెములు జరుగుచున్నవి. అందు గోల్కొండ ఓక్స్ ఆడుపిల్లలకే ప్రత్యేకింపబడినది. ఆడుగుఱ్ఱము వెనుకబడినప్పుడు “ఎదలో నున్నది” యని తేల్చివేయుట గుఱ్ఱపుశాలల వాడుక. ఆ మాట యెంతవఱకు నిజము?

మీ యిండ్ల గేదెలు చలికాలమున నెక్కువగా ఎదకు వచ్చును గదా. ఆడుగుఱ్ఱము అందులకు విరుద్ధము. పగటిప్రొద్దు పెరుగుకొలది ఎదకు వచ్చును. రమారమి 21 దినముల కొకమాఱు వచ్చి, అయిదాఱు దినములుండును. ఆ దినములలో కొన్ని చికాకుపడుట నిజము. అండము విడుదలయగునప్పుడు కొన్నిటికి నొప్పియు గలుగును. అయిన నన్నిటికిని గాదు. ఆస్ట్రేలియాలోని విన్‌క్స్ అను ఆడుగుఱ్ఱము 2015 మొదలు 2018 వఱకు నాలుగేండ్లు వరుసగా కాక్స్ ప్లేట్ పందెమును గెలిచెను. ఆ పందెము అక్టోబరులో జరుగును. ఆ దేశమున నది వసంతము, అనగా ఎదవచ్చు కాలమే. ఋతువు మాత్రమే మందగతికి హేతువనువారు దీనికేమి చెప్పుదురు?

తోకకొట్టుట, చెవులు వెనుకకు మడచుట, జీను పట్టెడ బిగింపనీయకుండుట – వీనిని ఎదలక్షణములని పొరబడుదురు. నడుమునొప్పి, కుంటితనము, పందెపు గుఱ్ఱములలో మిక్కిలి సాధారణమైన కడుపుపుండు, వీనివలనను ఇవియే పుట్టును. మఱియొకటి కలదు. శరీరము బిగిసి సన్నబడిన గుఱ్ఱమునకు పరుగులో యోనిమార్గమున గాలి చొచ్చి, లోపల వాపు, చీము కలుగును. పైభాగమును కొంత కుట్టివేసినచో గాలి చొరదు. ఈ చికిత్సను 1937లో కాస్లిక్ అను పశువైద్యుడు ప్రకటించెను. ఈనువేళ ఆ కుట్టు విప్పవలెను, మఱచినచో చీలిపోవును.

అండాశయమున కంతి పుట్టిన ఆడుగుఱ్ఱము ఒక్కొక్కప్పుడు పోతువలె సకిలించుచు తోడివానిపై బడును. దాని “పొగరు” కొరడాతో పోదు, శస్త్రముతో పోవును. రెండవ అండాశయము క్రమముగా కోలుకొని, పిమ్మట చూలు నిలుచుటయు గలదు.

ఎద నాపుటకు గర్భాశయమున గాజుగోలీ వేయు పద్ధతి యొకటి ప్రచారమందున్నది. అది కొన్నిటియందే పనిచేయును; గోలీ పగులుట, లోన నతుకుకొనుట వైద్యులు చూచియున్నారు. నా మట్టుకు నిది నచ్చదు. ఆల్ట్రెనోజెస్ట్ అను నూనెమందు నమ్మదగినది, ప్రతిదినము నోట పోయవలెను. పందెములలో దాని వాడుకకు దేశదేశమున వేర్వేఱు నియమములున్నవి.

కావున మొదట ఎద వచ్చిన దినములను, పరుగు చెడిన దినములను పుస్తకమున వ్రాయుడు. రెండును కలియనిచో వైద్యునిచే కాళ్లు, వెన్ను, కడుపు చూపింపుడు. కలిసినచో మందుమాట తలపవచ్చును. ఆ మందు చర్మముగుండ మనుష్యుల శరీరమునకును ఎక్కును. పోయువారు చేతితొడుగులు తొడుగవలెను. గర్భవతులు దానిని తాకనేరాదు.