ఉభయతోముఖి – తొలి ఊపిరి

(గోపాష్టమి నాడు గోశాల ప్రాంగణములో చేసిన ఉపన్యాస పాఠము)



నేడు కార్తిక శుద్ధ అష్టమి. అంతవరకు దూడలను మాత్రమే కాచిన బాలకృష్ణుడు ఆవులను కాచుటకు తొలిసారిగా బయలుదేరిన దినమని పెద్దలు చెప్పుదురు. ఉదయము నుండి మీరందరు గోపూజ చేసినారు, పసుపు కుంకుమలు సమర్పించినారు, చేతులారా అరటిపండ్లు తినిపించినారు. గోమహిమను గూర్చి ప్రసంగింపుమని ధర్మకర్తలు నన్ను కోరినారు. ఆ మహిమను మీరు అనేక పర్యాయములు విని ఉన్నారు. అందుచేత నేడు అప్పుడే పుట్టిన దూడ తీయు మొదటి ఊపిరిని గూర్చి చెప్పదలచినాను. అందుకు కారణము నా జీవితములో జరిగిన ఒక అపరాధము. దానిని దాచక చెప్పెదను.

గోదానములలో ఉభయతోముఖీ దానమని ఒకటి కలదు. ఈనుచున్న ఆవునకు ముందువైపు తన ముఖము, వెనుకవైపు బయటకు వచ్చుచున్న బిడ్డ ముఖము. రెండు వైపుల ముఖము గలది గనుక ఉభయతోముఖి. యాజ్ఞవల్క్య స్మృతిలో ఆచారాధ్యాయమున దీని లక్షణము చెప్పబడినది. దూడ పాదములు రెండును, ముఖమును కనబడుచుండగా, ఇంకను గర్భము విడువని ఆవును భూమియే అని తెలియవలెనని దాని భావము. ఆ క్షణమున ఇచ్చిన దానము భూదానముతో సమానము. రెండు పాదములు, వాని నడుమ ముఖము అను ఈ లక్షణమును గుర్తుంచుకొనుడు. దూడ సక్రమముగా వచ్చుచున్నదనుటకు నేటి పశువైద్యులు చెప్పు గుర్తు కూడ ఇదియే. ముందుకాళ్లు రెండు చాచి, వానిపై మూతి ఆన్చి, ఈదువానివలె దూడ లోకములోనికి రావలెను.

సుమారు నలుబది సంవత్సరముల క్రిందటి మాట. ఒక గ్రామములో ఒక గృహస్థు ఈ దానము చేయ సంకల్పించి నన్ను పిలిపించినాడు. తొలిచూలు ఆవు. రాత్రివేళ నొప్పులు మొదలైనవి. గిట్టలు కనబడినవి, మూతి కనబడినది. నేను సంకల్పము ప్రారంభించినాను. దేశకాలములు చెప్పి, గోత్రనామములకు వచ్చునప్పటికి, కుటుంబములో అందరి పేర్లు చెప్పవలెనని యజమాని కోరినాడు. నేను చెప్పుచునే ఉన్నాను. దూడ మాత్రము ముందుకు కదలలేదు. ఆ ఇంటి ముసలి పాలేరు నా ప్రక్కకు వచ్చి, "అయ్యగారూ, దూడ నాలుక ఉబ్బిపోతా ఉంది. ఒక్క చెయ్యి వెయ్యనీండి" అన్నాడు. మంత్రము మధ్యలో ఉన్న నేను ఆగుమని చేతితో సైగ చేసినాను.

అట్లు ముప్పావుగంట గడచినది. తరువాత ఇద్దరు మనుష్యులు లాగగా దూడ నేలపై పడినది. దాని ఒడలంతయు పసుపుపచ్చని మలము పూసి ఉన్నది. నాలుక నీలివర్ణమై బయటకు వ్రేలాడినది. పాలేరు దాని ఎడమ ప్రక్కటెముకలపై అరచేయి ఆన్చి, "గుండె కొట్టుకుంటా ఉంది అయ్యా, ఊపిరే లేదు" అన్నాడు. కొంతసేపటికి అదియు ఆగినది. అప్పుడు యజమాని నన్ను అడిగిన ప్రశ్న ఇది: "దానము సిద్ధించినట్లే కదా?" సిద్ధించినదని చెప్పి, దక్షిణ తీసుకొని ఇంటికి వచ్చినాను. ఆవు తెల్లవారువరకు ఆ దూడను నాకుచునే ఉన్నదని మరునాడు విన్నాను.

ఆ రాత్రి నాకు తెలియని విషయమును తరువాతి కాలమున పశువైద్యులను అడిగి తెలుసుకొన్నాను. అది మీకును తెలియవలెను.

ఆవు గర్భము సుమారు 280 దినములు. ఆ కాలమంతయు దూడ తన ముక్కుతో ఊపిరి తీయదు. దాని ఊపిరితిత్తులు ద్రవముతో నిండి ఉండును. తల్లి పీల్చిన గాలిలోని ప్రాణవాయువు తల్లి రక్తము నుండి మాయ ద్వారా, బొడ్డుతాడు ద్వారా బిడ్డకు చేరును. ప్రసవ సమయమున నొప్పి వచ్చినప్పుడెల్ల ఆ ప్రవాహము కొంచెము తగ్గి, నొప్పి తగ్గగానే మరల వచ్చును. ఈ స్వల్పమైన కొరత దోషము కాదు. అదియు, బయటి చల్లగాలియు, తల్లి నాలుక స్పర్శయు కలిసి దూడను మేల్కొలిపి మొదటి ఊపిరి తీయించును. ఊపిరితిత్తులలోని ద్రవము కొంత బయటకు పోవును. తక్కినది రక్తములోనికి ఇంకిపోవును. సుఖప్రసవమైనచో నిమిషము లోపలనే దూడ ఊపిరి తీయును. పది పదిహేను నిమిషములలో పొట్టపై ఆనుకొని తల నిలుపును. గంటలో లేచి నిలుచును. రెండు గంటలలో పొదుగు వెదకికొనును.

కష్టప్రసవములో ఈ క్రమము తప్పును. దూడ ద్వారమున ఇరుకుకొని ఎక్కువసేపు ఉన్నచో, నొప్పులు ఎడతెగక వచ్చుచుండగా మాయ నుండి వచ్చు రక్తము తగ్గిపోవును. బొడ్డుతాడు నొక్కుకొనిపోవును. వెనుకకాళ్లతో వచ్చు దూడకు ఈ ఆపద మరింత ఎక్కువ. తల ఇంకను లోపల ఉండగనే తాడు కటి ఎముకకు ఒత్తుకొనును. అప్పుడు ప్రాణవాయువు తగ్గి, బొగ్గుపులుసు వాయువు పెరిగి, రక్తము పులిసినట్లై ఆమ్లగుణము పొందును. కొరత స్వల్పమైనచో ఊపిరిని ప్రేరేపించును. మితిమీరినచో ఊపిరిని ప్రేరేపింపవలసిన మెదడునే మగతలో ముంచును. ఆ రాత్రి నేను చూచిన నీలి నాలుక, పసుపుపచ్చని మలము ఆ ఉక్కిరిబిక్కిరికి చిహ్నములే. పాలేరు వానిని చదువగలిగినాడు. శాస్త్రములు చదివిన నేను చదువలేకపోయినాను.

ఛాందోగ్యోపనిషత్తులో ఇంద్రియములన్నియు "నేను గొప్ప, నేను గొప్ప" అని కలహించిన కథ మీకు తెలియును. వాక్కు పోయినను మూగవానివలె బ్రతుకవచ్చును. చూపు పోయినను గ్రుడ్డివానివలె బ్రతుకవచ్చును. ప్రాణము బయలుదేరునప్పటికి తక్కినవన్నియు వేళ్లతో సహా పెకలింపబడినట్లైనవి. ప్రాణమే శ్రేష్ఠమని శిష్యులకు ఎన్నిసార్లో పాఠము చెప్పినాను. ఎదుట ఒక ప్రాణము ఊపిరికై పెనుగులాడుచుండగా వాక్కునే పట్టుకొని కూర్చున్నాను.

ఇక మనము చేయవలసినది. నీటిసంచి గాని గిట్టలు గాని కనబడిన తరువాత అరగంట, మహా అయినచో గంట లోపల ముందుకు రాకున్నచో పశువైద్యుని పిలువవలెను. తల కనబడక కాళ్లు మాత్రమే ఉన్నను, ఒకే కాలు ఉన్నను, అంతసేపును ఆగరాదు. రెండు తెలుగు రాష్ట్రములలోను 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనము వచ్చు ఏర్పాటు కలదు. నలుగురు చేరి త్రాడు కట్టి బలముగా లాగుట ప్రమాదము. ప్రక్కటెముకలు విరిగిన దూడ ఊపిరి ఎట్లు తీయగలదు?

దూడ నేలను చేరగానే ముక్కులోని, నోటిలోని జిగురును వ్రేళ్లతో తీయవలెను. ప్రక్కకు పడి ఉండనీయక పొట్టపై కూర్చుండబెట్టవలెను. అప్పుడే రెండు ఊపిరితిత్తులును విప్పారును. ఎండుగడ్డితోనో పొడి గుడ్డతోనో ఒడలంతయు గట్టిగా రుద్దవలెను. గడ్డిపరకతో ముక్కురంధ్రమును కదిలించినను, తలపై చల్లని నీరు చిలకరించినను ఒక్కసారి ఉలికిపడి ఊపిరి తీయును. మన పల్లెలలో వెనుకకాళ్లు పట్టి తలక్రిందులుగా వ్రేలాడదీయు అలవాటు కలదు. అట్లు కారెడు నీరు చాలవరకు కడుపులోనిది. పైగా ప్రేగులు, కడుపు జారి ఊపిరితిత్తులను అణచును. ఆ అలవాటును విడువవలెను.

ఊపిరి వచ్చినదని అంతటితో వెళ్లిపోరాదు. ఉక్కిరిబిక్కిరియై బ్రతికిన దూడ వెచ్చదనము నిలుపుకొనలేదు, త్వరగా లేవలేదు, పాలు కుడువలేదు. ఆవులలో రోగనిరోధక శక్తి గర్భములో బిడ్డకు అందదు; ముర్రుపాల ద్వారానే అందవలెను. ఆ శక్తిని గ్రహించు గుణము దూడ ప్రేగులకు గంటగంటకు తగ్గుచు, ఒక దినము గడచునప్పటికి దాదాపు మూసుకొనిపోవును. కావున లేవలేని దూడకు మనమే పాలు పితికి సీసాతో త్రాగింపవలెను. ఇరువదియైదు కిలోల దూడకు సుమారు రెండున్నర లీటర్లు, మొదటి గంటలలోనే మొదలుపెట్టి త్రాగింపవలెను. మ్రింగలేని దూడకు బలవంతముగా పోయరాదు. వైద్యుని సహాయము కోరవలెను.

ఈ కష్టమును ముందే నివారించుట ఇంకను మేలు. ఒడలు ఎదగని తొలిచూలు పెయ్యకును, పుంగనూరు వంటి చిన్న జాతి ఆవునకును పెద్ద జాతి ఆబోతు వీర్యముతో సూది వేయించినచో, దూడ పెరిగి తల్లి కటి ద్వారమున ఇరుకుకొనును. పాలపై ఆశతో చేయు ఈ పనికి మూల్యము చెల్లించునది ఆ దూడయు, ఆ తల్లియు.

దాతలకు ఒక మనవి. ఆవును దానమిచ్చుట గొప్పదే. యాజ్ఞవల్క్యులవారు ఆ ప్రకరణములోనే, అలసినవారి శ్రమ తీర్చుటయు, రోగికి పరిచర్య చేయుటయు గోదానమువలె ఫలమిచ్చునని చెప్పినారు. ఆ రాత్రి ఆ మాటను ఆచరింపబూనినవాడు పాలేరు, అడ్డుపడినవాడను నేను. ఈ గోశాలలో ఈనెడు ఆవులకు ప్రత్యేకముగా ఒక పాక, అందులో ఒక దీపము, పొడి గడ్డి, శుభ్రమైన గుడ్డలు, రాత్రి కావలికి ఇద్దరు మనుష్యులు కావలెను. వీనికి ఇచ్చిన ద్రవ్యమును ఉభయతోముఖీ దానముగనే భావింపుడని నా విజ్ఞప్తి.

ఇప్పటికిని ఎవరైన ఆ దానము చేయింపుమని నన్ను కోరుదురు. సంకల్పమును ముందుగనే, నొప్పులు మొదలుకాకమునుపే చెప్పించెదను. గిట్టలు కనబడిన తరువాత నేను మాట్లాడను. పాలేరు ఏమి చెప్పునో వినుచు నిలుచుందును.

నలుబది ఏండ్ల క్రిందటి ప్రశ్నకు నా సమాధానము నేడు ఈ సభలో చెప్పుచున్నాను. ఆ దానము సిద్ధింపలేదు.

స్వస్తి.